ఓడ నుంచి ఇంటి గుమ్మము వరకు: దిగుమతి సరుకు, సుంకము, మన బాధ్యత

(జంషెడ్‌పూర్‌లో రైల్వే, తపాలా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



విదేశముల నుంచి వచ్చు సరుకుల రవాణా, కస్టమ్స్ సుంకము, నిబంధనల పాలన, వానిలోని ప్రమాదములు అను విషయముపై మాట్లాడవలసినదిగా నిర్వాహకులు మమ్ము కోరినారు. కార్యక్రమ పత్రము చూచిన ఒక సోదరుడు నిన్న రాత్రి భోజనముల వద్ద, "ఏమండీ, ఇది షావుకార్లకు చెప్పవలసిన పాఠము గదా, గూడ్సు షెడ్డులో పనిచేసే మనకెందుకు?" అని అడిగినాడు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానముతోనే మొదలుపెట్టుదుము.

సరుకు కొన్నవాడు దానిని చూచునది ఒక్కసారి, గోదాములో దిగినప్పుడు. అమ్మినవాడు చూచునది ఒక్కసారి, పెట్టెలో వేసినప్పుడు. నడుమ వేల మైళ్ల పొడవునా దానిని మోసేది, ఎక్కించేది, దించేది, సీలు చూచేది, చిట్టాలో వ్రాసేది శ్రామికులు. కాగితముపై ఒక అబద్ధము వ్రాసినచో దానివలన వ్యాపారికి వచ్చునది జరిమానా. అదే అబద్ధము వలన పెట్టె పగిలినచో పోవునది హమాలీ ప్రాణము, షంటింగ్ సిబ్బంది ప్రాణము, సార్టింగ్ బల్ల వద్ద నిలబడిన మన సోదరి కన్ను. లాభము పైకి పోవును, ప్రమాదము క్రిందికి జారును. అందుచేత ఈ పాఠము ముందుగా మనము నేర్వవలసినదే.

ఈ ఊరు దిగుమతితోనే పుట్టినది

మనము కూర్చున్న ఈ పట్టణమునే తీసుకొందము. 1907లో కంపెనీ స్థాపన జరిగినది. 1908లో సాక్చి అను గ్రామము వద్ద నిర్మాణము ఆరంభమైనది. ఉక్కు చేయుటకు ఖనిజము ఇక్కడిదే, బొగ్గు ఝరియాది, చెమట మన ప్రజలది. కాని కొలిమి, రోలింగు మిల్లు, ఇంజనులు సముద్రము దాటి కలకత్తా రేవులో దిగి, బెంగాల్ నాగపూర్ రైల్వే మీద కాలీమాటి అను చిన్న స్టేషనుకు చేరినవి. మొదటి బ్లాస్టు ఫర్నేసు 1911 డిసెంబరులో రగిలినది. మొదటి ఉక్కు దిమ్మె 1912 ఫిబ్రవరిలో వచ్చినది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయినది, కాలీమాటి టాటానగర్ అయినది.

అదే రైలుమార్గము మన తెలుగువారిని కూడ ఇక్కడకు తెచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతముల నుంచి వాల్తేరు లైనులో బయలుదేరి ఖరగ్‌పూర్‌లోను, ఇక్కడను దిగిన తాతల మనుమలు ఈ సభలో ఎందరో కలరు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకులలో శ్రీ వి.వి. గిరి ఒకరని, ఆయనయే తరువాత రాష్ట్రపతి అయినారని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. విశాఖపట్టణము రేవు కూడ 1933లో ఆ రైల్వే చేతుల మీదుగానే ప్రారంభమైనది. రేవు, రైలు, కర్మాగారము మనకు మూడు మాటలు కావు, ఒకే వాక్యము.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఐరోపా ఉక్కు చౌకగా వచ్చి పడుటచే ఈ కర్మాగారము మూతపడు స్థితికి చేరినది. 1923లో టారిఫ్ బోర్డు విచారణ జరిగినది. 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టము వచ్చి దిగుమతి సుంకము పెరిగినది. కర్మాగారము నిలిచినది. కాని ఆ రక్షణలో కూలివాని వాటా తనంత తాను రాలేదు. 1920 సమ్మెలో పుట్టిన లేబర్ అసోసియేషన్ దాని కొరకు పోరాడవలసివచ్చినది. 1928లో సుదీర్ఘమైన సమ్మె జరిగినది. సుంకము పరిశ్రమను కాపాడవచ్చును. కార్మికుని మాత్రము సంఘమే కాపాడవలెను.

నేటికిని ఈ సమస్య తీరలేదు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము కొన్ని రకముల ఉక్కు రేకుల దిగుమతిపై 12 శాతము తాత్కాలిక రక్షణ సుంకము విధించినది. ఉక్కు కర్మాగారపు కార్మికుడు దానిని హర్షించినాడు. ఆదిత్యపూర్‌లో ఆ రేకు కొని విడిభాగములు చేయు చిన్న వర్క్‌షాపు కార్మికుడు తన యజమాని ఖర్చు పెరిగినదని భయపడినాడు. ఇద్దరును మనవారే. సుంకము మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చువారిని నమ్మకుడు. ఏ సరుకుపై, ఎంతకాలము, ఎవరి రక్షణ కొరకు అని అడుగుడు.

బొగ్గు ఓడ కథ

ఝరియా బొగ్గు దగ్గరనే ఉన్నను దానిలో బూడిద ఎక్కువ. కొలిమికి కావలసిన మేలురకపు కోకింగు బొగ్గులో పెద్ద భాగము నేడు విదేశముల నుంచి, ముఖ్యముగా ఆస్ట్రేలియా నుంచి వచ్చుచున్నది. హల్దియా, పారాదీప్, ధామ్రా రేవులలో దిగి రైలు మీద లోపలికి వచ్చును. 70,000 టన్నుల ఓడ ఒకటి దిగినదనుకొనుడు. ఒక రేకు 3,500 టన్నులు మోసినచో ఆ ఒక్క ఓడకు 20 రేకులు కావలెను. హల్దియాలో హుగ్లీ నది లోతు చాలదు. నిండు ఓడ లోనికి రాలేదు. కనుక విశాఖలోనో, ధామ్రాలోనో, పారాదీప్‌లోనో కొంత దించి తేలికపడి హల్దియాకు పోవు పద్ధతి చిరకాలముగా ఉన్నది. అనగా ఒక రేవులో ఆలస్యమైనచో రెండవ రేవులో వరుస తప్పును, రేకుల వరుస తప్పును, టాటానగర్ యార్డులో మన సిబ్బంది రెస్టు తప్పును.

2017 మార్చి నెలాఖరున ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ను డెబ్బీ తుఫాను తాకినది. అక్కడి బొగ్గు గనుల రైలుమార్గములు కొండచరియలు విరిగిపడి, వరదలకు కోసుకుపోయి వారముల తరబడి మూతపడినవి. గనిలో బొగ్గు ఉన్నది, రేవులో ఓడ ఉన్నది, నడుమ పట్టాలు లేవు. ప్రపంచమంతటా కోకింగు బొగ్గు ధర ఒక్కసారిగా ఎగసినది. ఎక్కడో గాంగ్‌మన్ సరిచేయవలసిన పట్టా ఇక్కడి కొలిమి లెక్కను మార్చినది. రైల్వే కార్మికుని విలువ తెలియనివారికి ఈ ఉదాహరణ చెప్పుడు.

2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అను ఓడ అడ్డముగా ఇరుక్కొని ఆరు దినములు దారి మూసినది. ఆ ఓడ యజమానులు 'జనరల్ యావరేజ్' ప్రకటించినారు. ఇది సముద్ర వ్యాపారమున ప్రాచీనమైన నియమము. ఓడను, సరుకును రక్షించుటకు అయిన అసాధారణ వ్యయమును ఆ ఓడలోని సరుకుదారులందరును తమ తమ సరుకు విలువను బట్టి పంచుకొనవలెను. నీ పెట్టె చెక్కు చెదరకున్నను నీ వంతు చెల్లింతునని హామీ ఇచ్చినగాని పెట్టె చేతికి రాదు. భీమా ఉన్నవానికి భీమా కంపెనీ పూచీపడును. లేనివాడు నగదు కట్టవలెను. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రములో ఓడలపై దాడులు మొదలైన పిదప అనేక ఓడలు ఆఫ్రికా ఖండము చుట్టి పోయినవి. పది దినములకు పైగా అదనపు ప్రయాణము, అదనపు కిరాయి. ఇట్టివి ఎవరి తప్పును కావు. కాని ముందుగా ఆలోచించనివానికి ఇవియే శాపములు.

ఆదిత్యపూర్‌లో మేము నేర్చిన పాఠము

పుస్తకములలో కంటె మేము ఎక్కువ నేర్చినది ఒక చిన్న వర్క్‌షాపు వద్ద. పేరు చెప్పుట అనవసరము. కొన్నేండ్ల క్రిందట ఆదిత్యపూర్‌లో 40 మంది పనిచేయు ఆ వర్క్‌షాపు యజమాని ఒక తూర్పు ఆసియా దేశము నుంచి వాడిన యంత్రమొకటి చౌకగా వచ్చుచున్నదని కొన్నాడు. ఏడు వారములు గడచినవి, యంత్రము రాలేదు. మొదట కూలి ఆలస్యమైనది. తరువాత 11 మంది కాంట్రాక్టు పనివారిని రావద్దన్నారు. "ఏమి చేయుదుమయ్యా, రైల్వేవారు కంటైనరును ఎక్కడనో పడవేసినారు" అని యజమాని గేటు వద్ద చెప్పినాడు. పనివారు మా కార్యాలయమునకు వచ్చి, "మీ రైల్వే సంఘమువారే మా పొట్ట కొట్టినారు" అన్నారు. ఆ మాట మాకు బాగుగా తగిలినది.

మేము గూడ్సు ఆఫీసుకు పోయినాము. అక్కడి సిబ్బంది రిజిస్టరు తెరచి చూపినారు. అసలు ఆ కంటైనరు వారికి ఇంకను అప్పగింపబడలేదు. కలకత్తా రేవులోనే ఉన్నది. యజమానిని కూర్చోబెట్టి కాగితములు ఒక్కొక్కటిగా చూచినాము. తప్పులు అయిదు కనబడినవి.

మొదటిది: ఇన్వాయిసులో 'యంత్ర భాగములు' అని యున్నది. పెట్టెలో ఉన్నది పూర్తి యంత్రము, అదియు వాడినది. వర్ణన మారినచో సుంకపు పట్టికలో సంఖ్య మారును, సుంకము మారును. దీనినే తప్పుడు ప్రకటన అందురు. 1962 కస్టమ్స్ చట్టము 111వ సెక్షను క్రింద సరుకు జప్తు కావచ్చును, 112వ సెక్షను క్రింద పెనాల్టీ పడవచ్చును.

రెండవది: వాడిన యంత్రమునకు దాని వయస్సు, స్థితి, విలువ తెలుపు ఇంజనీరు తనిఖీ పత్రము కావలెను. అది ఎగుమతి దేశములోనే తీసుకొనుట మేలు. అది లేదు.

మూడవది: యంత్రమును బిగించిన కొయ్య దిమ్మెలపై శుద్ధిచేసిన ముద్ర లేదు. పచ్చి కొయ్యలో పురుగులు వచ్చి మన అడవులను, పంటలను పాడుచేయునని వేడితోనో, పొగతోనో శుద్ధిచేసి అంతర్జాతీయ ముద్ర వేయవలెనని నియమము. కొయ్య ముక్కపై ముద్ర లేక లక్షల యంత్రము ఆగిపోవునని ఆ యజమాని కలలోనైన అనుకొనలేదు.

నాలుగవది: సరుకు ఓడలో ఎక్కిన క్షణము నుంచి నష్టభయము తనదే అని అతనికి తెలియదు. ఎఫ్.ఓ.బి. ఒప్పందములో భీమా కొనుగోలుదారుడే చూచుకొనవలెను. సి.ఐ.ఎఫ్. ఒప్పందములో భీమా అమ్మినవాడు కట్టును గాని అది కనీసపు భీమా మాత్రమే. నష్టభయము అందులోను కొన్నవానిదే. ఇతడు ఎఫ్.ఓ.బి.లో కొని భీమా అసలే తీసుకొనలేదు.

అయిదవది: కాగితములు ఓడ కంటె వెనుక వచ్చినవి. ఓడ చేరుటకు ముందే బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయవలెనని నేటి నియమము. ఆలస్యమైనచో మొదటి మూడు దినములు దినమునకు 5,000 రూపాయలు, అటు పిమ్మట దినమునకు 10,000 రూపాయలు రుసుము. దానికి తోడు రేవువారి నేల అద్దె, ఓడ కంపెనీవారి కంటైనరు నిలుపుదల రుసుము. మూడు మీటర్లు ఒకేసారి తిరుగుచుండును. సరుకు దిగిన 30 దినములలో విడిపించుకొననిచో నోటీసు ఇచ్చి అమ్మివేయుటకు 48వ సెక్షను అధికారమిచ్చుచున్నది.

చివరకు జరిమానా కట్టి, కొయ్యను శుద్ధిచేయించి, ఇంజనీరును పిలిపించి యంత్రమును విడిపించినారు. రైలు ప్రయాణము పట్టినది రెండు దినములు. చౌకగా వచ్చినదనుకొన్న యంత్రము కొత్తదానికి దగ్గర ఖర్చు తెచ్చినది. తేదీలన్నియు ఒక కాగితముపై వ్రాసి గేటు వద్ద పనివారికి చదివి వినిపించినాము. 11 మందిలో ఎనిమిది మందిని తిరిగి తీసుకొన్నారు. మిగిలిన ముగ్గురు అప్పటికే సూరత్‌కు పోయినారు. ఆ ముగ్గురి సంగతి మా మనస్సులో నేటికిని ముల్లువలె ఉన్నది. ఆ కాగితములు చదువుట మేము ముందే నేర్చియున్నచో మూడవ వారములోనే చెప్పియుండెడివారము.

కనుక మీకు మొదటి సూత్రము: తేదీలు వ్రాసియుంచుడు. ఓడ చేరిన తేదీ, బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీ, సుంకము కట్టిన తేదీ, రైల్వేకు అప్పగించిన తేదీ, రేకు బయలుదేరిన తేదీ, చేరిన తేదీ, తీసుకుపోయిన తేదీ. ఈ ఏడు తేదీలు చేతనున్న సంఘమును ఎవరును నిందింపలేరు. గూడ్సు షెడ్డులో మనవారికి డెమరేజీ, వార్ఫేజీ నిత్యము తెలిసిన మాటలే. వ్యాగనును నిర్ణీత సమయములో ఖాళీ చేయనిచో డెమరేజీ, సరుకును ఆవరణ నుంచి తీసుకుపోనిచో వార్ఫేజీ. అవి రైల్వే వసూళ్లు. రేవు అద్దె వేరు, ఓడ కంపెనీ రుసుము వేరు. పత్రికలలో అన్నిటిని కలిపి 'రైల్వే జాప్యము' అని వ్రాయుదురు. విడదీసి చెప్పుట మన పని.

అబద్ధపు లేబులు ప్రాణము తీయును

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. డబ్బు నష్టము పూడ్చుకొనవచ్చును. ప్రాణనష్టము పూడదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడ పేలినది. అందులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థములు ఒకే ఓడలో నింపియుండిరి. పత్తికి నిప్పు అంటుకొన్నది. వందలాది రేవు కార్మికులు, పౌరులు, అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. ఏటేట ఏప్రిల్ 14న అగ్నిమాపక దినము జరుపుట ఆ వీరుల స్మృతికే.

2004 సెప్టెంబరు నెలాఖరున ఘజియాబాద్ చెంత సాహిబాబాద్‌లో ఒక ఉక్కు కర్మాగారములో విదేశము నుంచి వచ్చిన తుక్కు ఇనుములో పేలని ఫిరంగి గుండ్లు ఉండి పేలినవి. 10 మంది కార్మికులు చనిపోయినారు. కాగితముపై అది తుక్కు. అటు పిమ్మట దేశములో పలుచోట్ల అట్టి గుండ్లు బయటపడినవి. తుక్కు దిగుమతికి ఎగుమతి దేశములోనే తనిఖీ పత్రము ఉండవలెనని నియమములు బిగించినారు. ప్రతి నియమము వెనుక ఎవరో ఒక కార్మికుని చితి కలదని మరువకుడు. నియమము విసుగనిపించినప్పుడు ఆ పది మందిని తలచుకొనుడు.

2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలి 200 మందికి పైగా మరణించిరి. ఆ సరుకు ఏండ్ల తరబడి రేవు గిడ్డంగిలో పడియున్నది. ఆ వార్త వచ్చిన వెంటనే చెన్నై వైపు చూచిరి. 2015లో దిగుమతియై కస్టమ్స్ వారు పట్టుకొన్న సుమారు 700 టన్నుల అదే రసాయనము మణలిలోని కంటైనర్ డిపోలో అయిదేండ్లుగా ఉన్నది. దానిని వేలము వేసి 2020 ఆగస్టులోనే హైదరాబాదుకు తరలించినారు. అయిదేండ్లు కదలని కాగితము అయిదారు దినములలో కదలినది. అంతకు ముందు ఎందుకు కదలలేదని ఆ డిపోలో పనిచేసినవారు అడుగవలదా?

2021 మేలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అను ఓడలో ఒక కంటైనరు నుంచి నైట్రిక్ ఆసిడ్ కారుచున్నదని తెలిసియు రెండు రేవులు దానిని దించుటకు ఒప్పుకొనలేదు. కొలంబో ఎదుట ఓడ తగలబడి మునిగినది. శ్రీలంక జాలరుల బ్రతుకు చితికినది. 2025 మే 25న మన కొచ్చి తీరమున ఎం.ఎస్.సి. ఎల్సా 3 మునిగినప్పుడు అందులోని 640 కంటైనర్లలో 13 ప్రమాదకర సరుకువి. వానిలో పన్నెండింట కాల్షియం కార్బైడు ఉన్నది. నీరు తగిలిన మండే వాయువు పుట్టించు పదార్థమది.

మన రైల్వేలో ప్రమాదకర వస్తువులకు రెడ్ టారిఫ్ కలదు. 1989 రైల్వే చట్టములో 66వ సెక్షను సరుకు వర్ణన కోరు అధికారమిచ్చినది. 67వ సెక్షను ప్రమాదకర వస్తువులను ముందుగా వ్రాతపూర్వకముగా తెలుపనిదే తేరాదన్నది. 163వ సెక్షను తప్పుడు వర్ణనకు శిక్ష చెప్పినది. ఇవి అధికారుల అల్మరాలో ఉండవలసినవి కావు, పార్సెల్ ఆఫీసు గోడపై తెలుగులో, హిందీలో, బెంగాలీలో, సంతాలీలో ఉండవలసినవి. కంటైనరు బరువు విషయము కూడ ఇంతే. 2016 జూలై 1 నుంచి ఓడలో ఎక్కు ప్రతి నిండు కంటైనరు బరువు సరిచూచి ప్రకటించవలెనని అంతర్జాతీయ నియమము. దొంగ బరువు ఓడను ఒరిగించును, వ్యాగనును పట్టా తప్పించును. పట్టా తప్పినప్పుడు మొదట సస్పెండగునది ఎవరో మీకు తెలియును.

తపాలా బల్ల వద్ద

రైల్వే సోదరులకు సరుకు టన్నులలో వచ్చును, తపాలా సోదరులకు సంచులలో వచ్చును. తేడా అంతే. విదేశీ పార్సెలుపై అంటించు కస్టమ్స్ ప్రకటన పత్రమే దానికి బిల్ ఆఫ్ ఎంట్రీ. దానిపై 'బహుమతి' అని వ్రాసినంత మాత్రమున సుంకము తప్పునని మన ప్రజలలో ఒక అపోహ ఉన్నది. 2019 డిసెంబరు నుంచి బహుమతిగా వచ్చు వస్తువులకు ఆ మినహాయింపు రాఖీలకు, ప్రాణరక్షక ఔషధములకు మాత్రమే మిగిలినది. అమెరికాలోని కుమారుడు పంపిన ఫోనుకు సుంకమెందుకని తల్లి కౌంటరు వద్ద గుమాస్తాపై కోపపడుచున్నది. ఆ తల్లిపై విసుగుకొనక, సుంకము నిర్ణయించునది కస్టమ్స్ అనియు, తపాలా శాఖ వసూలు చేసి అప్పగించునది మాత్రమే అనియు ఓపికతో చెప్పుడు.

ప్రభుత్వముల సుంకపు తగాదా కౌంటరు వరకు ఎట్లు వచ్చునో 2025లో చూచితిమి. అమెరికా ప్రభుత్వము చిన్న పార్సెళ్లకు గల సుంకపు మినహాయింపును ఎత్తివేయగా, ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అక్కడికి బుకింగు చాలవరకు నిలిపివేసి, అక్టోబరు 15న తిరిగి ప్రారంభించినది. ఆ ఏడు వారములు పచ్చళ్ల డబ్బాలు చేతబట్టుకొని వచ్చిన తల్లిదండ్రుల నిష్ఠూరములు విన్నది మంత్రులు కారు, మన గుమాస్తాలు. నిర్ణయము పైన, నిష్ఠూరము క్రింద.

ఇంకొక కీడు ప్రబలుచున్నది. "కస్టమ్స్ ఆఫీసు నుంచి మాట్లాడుచున్నాము, మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందులున్నవి, అరెస్టు తప్పవలెనన్న డబ్బు పంపుడు" అను దొంగ ఫోనులు. మా సంఘములోనే పదవీ విరమణ చేసిన ఒక సోదరుడు, నలుబది ఏండ్లు సంచులు సార్టు చేసినవాడు, పార్సెలు మార్గమంతయు ఎరిగినవాడు, భయముతో తన గ్రాట్యుటీలో సగము పోగొట్టుకొన్నాడు. తెలియక కాదు. 'అరెస్టు' అను మాట విని ఒంటరియై పోయినాడు. కొడుకుకు చెప్పుటకు సిగ్గుపడినాడు, సంఘమునకు చెప్పుటకు మరింత సిగ్గుపడినాడు. మిత్రులారా, కస్టమ్స్ శాఖ వ్యక్తిగత ఖాతాలకు డబ్బు పంపుమని ఫోనులో అడుగదు. దాని ఉత్తరువులపై గుర్తింపు సంఖ్య ఉండును, దానిని శాఖ వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. తపాలా శాఖ చిరునామా సరిచేయుమని లింకులు పంపదు. మోసపోయినచో ఆ గంటలోనే 1930 నంబరుకు ఫోను చేయుడు. అన్నిటికంటె ముందు పక్కవానికి చెప్పుడు. సంఘము ఉన్నది ఒంటరితనమును పోగొట్టుటకే.

మన ఇంటి దీపము

ఇప్పుడొక చేదు మాట. సీలు తెరచి మరల బిగించుటకు, బరువు తక్కువ వ్రాయుటకు, పార్సెలును తనిఖీ లేక దాటించుటకు పది రూపాయలు పుచ్చుకొనువాడు మనలోను ఉండవచ్చును. మన ఇంటి దీపమని ముద్దుపెట్టుకొనరాదు గదా. అట్టివానిని సంఘము కప్పిపుచ్చినచో, నిజాయితీగల తొంబది తొమ్మిది మంది కొరకు మాట్లాడు హక్కును మనము పోగొట్టుకొందుము. అదే సమయమున, అనుమానాస్పదమైన పెట్టెను ఎక్కించుటకు నిరాకరించిన సోదరునిపై చర్య తీసుకొనినచో సంఘమంతయు అతని వెనుక నిలువవలెను. ఈ రెండు మాటలు ఒకే నాణెము.

ఈ శిబిరము నుంచి యాజమాన్యముల ముందు ఉంచుటకు మేము ప్రతిపాదించు కోర్కెలు ఇవి. ప్రమాదకర సరుకు గల కంటైనరు వచ్చుటకు ముందే దాని స్వభావము, అగ్ని సంభవించినచో చేయవలసినది సిబ్బందికి వారి భాషలో తెలుపవలెను. కారుచున్న, వాసనవేయుచున్న, సీలు చెడిన పెట్టెను ముట్టక నిలిపివేయు హక్కు క్రింది స్థాయి ఉద్యోగికి వ్రాతపూర్వకముగా ఇవ్వవలెను. పార్సెల్ ఆఫీసులలోను, సార్టింగ్ కేంద్రములలోను ఏటేట శిక్షణ జరుగవలెను, ఆ దినములకు పూర్తి వేతనముండవలెను. కాంట్రాక్టు హమాలీలకు కూడ చేతి తొడుగులు, బూట్లు, ప్రమాద భీమా మనతో సమానముగా ఉండవలెను. జప్తుచేసిన ప్రమాదకర సరుకు ఏ డిపోలో ఎంతకాలముగా ఉన్నదో జాబితా సంఘములకు ఇవ్వవలెను.

మన వైపు నుంచి చేయవలసినది ఒకటే. ప్రతి శాఖలో ఇద్దరు కార్యకర్తలు ఈ కాగితములు చదువుట నేర్వవలెను. తేదీల రిజిస్టరు పెట్టవలెను. సరుకు కొన్నవాడు, కస్టమ్స్ ఉద్యోగి, రేవు కార్మికుడు మనకు శత్రువులు కారు. అందరము ఒకే గొలుసులోని కడియములము. తన కడియము గట్టిగా ఉన్నదని చెప్పగలవాడే మిగతా గొలుసును ప్రశ్నించగలడు.

నిన్న ప్రశ్న వేసిన సోదరుడు ముందు వరుసలోనే కూర్చున్నాడు. అయ్యా, పాఠము షావుకార్లదే. కాని బరువు మనది. బరువు మోయువానికి మూటలో ఏమున్నదో తెలిసికొను హక్కు కలదు. ఆ హక్కును అడిగి తీసుకొందము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి! రైల్వే, తపాలా ఉద్యోగుల సోదరత్వము వర్ధిల్లాలి!